డండీ ముత్తాత కోసం గ్లాస్గో కోడలి వెతుకులాట

ప్రశ్న: మాది విజయనగరం. పెళ్ళయ్యాక తొమ్మిదేళ్ళుగా గ్లాస్గోలో ఉంటున్నాను. మావారిది స్కాట్లాండే. వచ్చే ఏప్రిల్‌లో మా అత్తగారికి ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆవిడ పుట్టింటి వంశవృక్షం తయారుచేసి, ఫ్రేము కట్టించి, ఆ రోజు అందరి ముందూ ఇవ్వాలని నా ఆశ. ఆవిడకి ఇంకా చెప్పలేదు, సర్‌ప్రైజ్. నా దగ్గరున్నవి రెండే. ఆవిడ నాన్నగారు 1911లో డండీలో పుట్టినట్టు పాత బైబిల్ అట్ట లోపల రాసి ఉంది. తాతగారిది సైనిక దుస్తుల్లో ఒక ఫోటో ఉంది, దాని వెనక పెన్సిల్‌తో '1914, వయసు 27' అని ఉంది. ఆయన జనపనార మిల్లులో పనిచేసేవారట, యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదట. ఆయన తండ్రి డండీ దగ్గర టే నది మీది రైలు వంతెన కూలినప్పుడు రైల్లో చనిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. ఇంటర్నెట్‌లో పేరు కొడితే అదే పేరుతో వందల మంది వచ్చారు. ఒక వెబ్‌సైట్‌కి డబ్బు కడితే ఏకంగా పాతకాలపు స్కాట్లాండ్ రాజు రాబర్ట్ ది బ్రూస్ దాకా రెడీమేడ్ చెట్టు చూపించింది. మావారు నవ్వుతున్నారు. మా అమ్మేమో ఫోన్‌లో 'గోత్రాలూ నక్షత్రాలూ లేనివాళ్ళకి ఏం వంశవృక్షం రాస్తావే' అంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, గ్లాస్గో

సమాధానం: అమ్మా, ముందు ఆ రాజుగారిని పక్కన పెడదాం. రాబర్ట్ ది బ్రూస్ 1329లో పోయాడు. స్కాట్లాండ్‌లో మామూలు జనం పేర్లు రాసిన చర్చి రిజిస్టర్లలో ఇప్పటికి మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ అనే ఊరిది. అది 1553లో మొదలవుతుంది. చాలా ఊళ్ళవి ఇంకా ఎంతో ఆలస్యంగా మొదలవుతాయి. అంటే రాజుగారికీ, మీ మిల్లు కార్మికుడి ముత్తాతలకీ మధ్య వందల ఏళ్ళ పాటు కాగితమే లేదు. మరి ఆ కొమ్మలు ఎవరు వేశారంటారా? ఎవరో ఒకరు ఊహించి పెట్టారు, మిగతావాళ్ళు కాపీ కొట్టుకున్నారు. ఆ చెట్టుని నమ్మకండి. ఇంటిపేరుకి చిహ్నం ముద్రించిన మగ్గులు అమ్మే దుకాణాలు మీ ఊళ్ళో కనిపిస్తాయి కదా, వాటినీ నమ్మకండి. స్కాట్లాండ్‌లో అలాంటి చిహ్నం ఒక మనిషికి ఇచ్చేదే తప్ప ఇంటిపేరు మొత్తానికి ఉండదు. దాన్ని చూసుకోవడానికి లార్డ్ లయన్ అని ప్రత్యేకంగా ఒక కోర్టే ఉంది.

ఇక టే వంతెన. అది కూలింది 1879 డిసెంబర్ 28, ఆదివారం రాత్రి, పెద్ద గాలివానలో. రైలు మొత్తం నదిలో పడిపోయింది, అందులో ఒక్కరూ బతకలేదు. మీ ఫోటో వెనక లెక్క నిజమైతే తాతగారు పుట్టింది 1887 ప్రాంతంలో. తండ్రి పోయిన ఏడెనిమిదేళ్ళకి కొడుకు పుట్టడు కదా! అలాగని ఆ కథని పారేయకండి. ఇంటి కథల్లో సంఘటన నిజమే అయి మనిషి మారిపోవడం మామూలే. పోయింది తాతగారి తాతగారు కావచ్చు, మేనమామ కావచ్చు, పక్కింటాయన కావచ్చు. ఒక కాగితం మీద రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి దాచండి. తర్వాత దాని సంగతి తేలుతుంది.

మీరు చేసిన పొరపాటల్లా తాతగారి పేరు కొట్టి వెతకడం. మీరు రాసిన ఆ పేరు ఇక్కడ వేయను గానీ, డండీలో ఆ పేరుతో పిలిస్తే మన వీధిలో 'సత్యనారాయణా' అని కేకేసినట్టే, పది మంది తలుపు తీస్తారు. మొగవాళ్ళ పేర్లు పట్టుకుని స్కాట్లాండ్‌లో పైకి వెళ్ళలేం. ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు పట్టుకుని వెళ్ళాలి. నా సమాధానం మొత్తానికి అసలు సంగతి ఇదే, మిగతాదంతా దీని వివరమే.

ఎందుకంటే అక్కడి రికార్డుల్లో పెళ్ళయిన ఆడది తన ఇంటిపేరు పోగొట్టుకోదు. పుట్టుక కాగితంలో తల్లి పేరు పక్కన 'ఎం.ఎస్.' అని కనిపిస్తుంది, అంటే మెయిడెన్ సర్‌నేమ్, పుట్టింటి పేరు. మరణ రికార్డులో చనిపోయినవారి తండ్రి పేరూ, తల్లి పేరూ, ఆమె పుట్టింటి పేరూ రాస్తారు. సమాధి రాళ్ళ మీద కూడా 'ఫలానా వారి భార్య' అని వదిలేయకుండా ఆమె సొంత ఇంటిపేరు చెక్కిన రాళ్ళు ఎన్నో చూస్తారు. మన ఇళ్ళలో మా నాయనమ్మ పుట్టింటి పేరు ఏమిటని అడిగితే పెద్దవాళ్ళే తడుముకుంటారు. ఆ విషయంలో వాళ్ళు మనకన్నా నయం. భర్త పేరు మరీ మామూలుదైనా, భార్య పుట్టింటి పేరు కూడా కలిపి వెతికితే వందల మంది కాస్తా ఇద్దరు ముగ్గురు అవుతారు.

మీకు కావలసిన వెబ్‌సైట్ స్కాట్లాండ్స్ పీపుల్. స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల సంస్థ నడిపేది. పేరు నమోదు చేసుకుంటే సూచికలో వెతకడం ఉచితం. అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి, ఒక్కో రికార్డుకి సుమారు ఒకటిన్నర పౌండ్ పడుతుంది. అందుకే కనిపించిన ప్రతిదీ తెరవకండి. ముందు సూచికలో ఊరు, సంవత్సరం, తల్లి ఇంటిపేరు కుదిరిందో లేదో చూసుకుని అప్పుడు తెరవండి. 'సర్టిఫికెట్ కాపీ' కొనమని కూడా అడుగుతుంది. అది ముద్ర వేసిన అధికారిక పత్రం, రేటు చాలా ఎక్కువ, మీకు అక్కర్లేదు. జననాలు 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళు 75 ఏళ్ళు, మరణాలు 50 ఏళ్ళు గడిస్తేగానీ బొమ్మలు ఇంటి నుంచి కనబడవు. మీ అత్తగారిది 1946 కాబట్టి దొరకదు. ఆవిడ నాన్నగారిది 1911, హాయిగా దొరుకుతుంది. అక్కడే మొదలుపెట్టండి.

ఆ ఒక్క కాగితం ఎంత చెబుతుందో చూడండి. బిడ్డ పేరు, పుట్టిన ఇంటి చిరునామా, తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు, పుట్టింటి పేరు, వీటితోపాటు తల్లిదండ్రుల పెళ్ళి ఏ తేదీన ఏ ఊళ్ళో జరిగిందో కూడా! ఈ పెళ్ళి గడి 1861 నుంచి వరసగా ఉంది. ఇంగ్లండ్ రిజిస్టర్లలో ఇది ఉండదు, అక్కడ వెతికేవాళ్ళు ఏడుస్తుంటారు. ఆ తేదీ పట్టుకుని పెళ్ళి రికార్డు తెరిస్తే వధూవరుల వయసు, పని, చిరునామా, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ వస్తాయి. తండ్రి గానీ తల్లి గానీ అప్పటికే పోయి ఉంటే పేరు పక్కన 'డిసీస్డ్' అని రాస్తారు. మీ టే వంతెన కథకి మొదటి పరీక్ష అక్కడే. తాతగారి పెళ్ళి నాటికి ఆయన తండ్రి పేరు పక్కన ఆ మాట లేకపోతే ఆయన బతికే ఉన్నాడన్నమాట. ఆ పెళ్ళి కాగితం నుంచి తాతగారి 1887 జననం, దాని నుంచి ఆయన తల్లిదండ్రుల పెళ్ళి. ఇలా నిచ్చెన మెట్టు మెట్టుగా 1855 జనవరి 1 దాకా ఎక్కవచ్చు. ప్రభుత్వ నమోదు మొదలైన రోజు అదే.

బొమ్మ తెరిచాక నేరుగా పేరు మీదికి వెళ్ళకండి. ముందు ఎడమ వైపు అంచు చూడండి. అక్కడ సన్నటి అక్షరాల్లో 'ఆర్.సి.ఇ.' అని ఏదైనా గుర్తు ఉంటే, ఆ నమోదుని తర్వాత ఎప్పుడో సవరించారని అర్థం. ఆ సవరణ ఇంకో పుస్తకంలో ఉంటుంది. పెళ్ళి కాని తల్లికి పుట్టిన బిడ్డకి తండ్రి ఎవరో కోర్టు తేల్చిన సంగతి, హఠాత్తుగా పోయినవాళ్ళ మరణ కారణం విచారణలో తేలిన సంగతి అలాంటి చోట దొరుకుతాయి. మిల్లు ప్రమాదాలు కూడా. చాలామంది ఆ అంచుని చూడకుండానే పేజీ మూసేస్తారు.

పెళ్ళి రికార్డులో చర్చి పేరు లేకుండా ఇద్దరు సాక్షుల ఎదుట ప్రకటించుకున్నారనీ, షెరిఫ్ వారంటుతో నమోదు చేశారనీ ఉంటే కంగారుపడకండి. అక్కడ షెరిఫ్ అంటే పోలీసు కాదు, జడ్జి. స్కాట్లాండ్‌లో 1940 దాకా ఇద్దరూ ఒప్పుకుని సాక్షుల ముందు 'మేం భార్యాభర్తలం' అంటే చాలు, చట్టం ముందు పెళ్ళి అయిపోయినట్టే. దాన్ని పారిపోయినవాళ్ళ పెళ్ళి అనుకోనక్కర్లేదు. మామూలు కార్మిక కుటుంబాలు కూడా అలా చేసుకునేవి.

తర్వాత జనాభా లెక్కలు. 1841 నుంచి 1921 దాకా పదేళ్ళకొకసారి చొప్పున చూడొచ్చు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎంత వయసు, ఏ పని, ఎక్కడ పుట్టారు అన్నవి ఉంటాయి. వీటిలో మీకు బంగారం 1911ది. ఆ ఏడు పెళ్ళయిన ప్రతి ఆడదాన్నీ పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. తాతగారి తల్లి అప్పటికి బతికి ఉండి, భర్త కూడా ఉంటే ఆమె వరసలో ఆ అంకెలు కనిపిస్తాయి. పుట్టినవాళ్ళకీ బతికినవాళ్ళకీ తేడా ఎంత ఉంటే అంతమంది బిడ్డల పేర్లు మీరు ఇంకా వెతకాలి. 1841 వయసుల్ని మాత్రం నమ్మకండి, పదిహేనేళ్ళు దాటినవాళ్ళవి ఐదు గుణిజానికి తగ్గించి రాసేవారు.

డండీలో ఆడవాళ్ళ పని గడిని ప్రత్యేకంగా చదవండి. జనపనార మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. మొగవాళ్ళకి జీతం ఎక్కువ ఇవ్వాలి కాబట్టి ఈడు రాగానే మిల్లు నుంచి పంపించేసేవారు. ఇంట్లో కూర్చుని కెటిల్ పొయ్యి మీద పెట్టే మొగుళ్ళకి ఆ ఊళ్ళో 'కెటిల్ బాయిలర్లు' అని పేరు కూడా ఉండేది. 'స్పిన్నర్' అని ఉంటే వడికేది, 'వీవర్' అని ఉంటే నేసేది. వీవర్లు టోపీ, చేతి తొడుగులూ వేసుకుని పనికి వెళ్ళేవారు, శాలువా కప్పుకునే స్పిన్నర్ల కన్నా తాము ఒక మెట్టు పైన అనుకునేవారు. తాతగారి పని 'టెంటర్' అని కనిపిస్తే ఆయన మగ్గాలు బాగుచేసే మెకానిక్ అన్నమాట. ఆ మిల్లులకి నార బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది. మీ విజయనగరానికి దగ్గర్లోనే, భీమిలి రేవు నుంచి పోయే గోగునారకి వ్యాపారంలో 'బిమ్లీ జూట్' అని పేరే ఉండేది. అత్తగారితో ఈ మాట అనండి, గోంగూర పచ్చడి సీసా ముందు పెట్టి మరీ.

ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఎడిన్‌బరాలో అద్దెకున్నప్పుడు మా అద్దింటి యజమానురాలి తాతగారి కోసం ఇలాగే వెతికాను. ఫైఫ్ ప్రాంతంలో ఒకే ఊళ్ళో, ఒకే ఏడు, ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆవిడ చెప్పిన వీధికి దగ్గరగా ఉందని ఒకణ్ణి ఎంచుకున్నాను. మూడు వారాల సాయంత్రాలు, నలభై పౌండ్ల పైన ఖర్చు, నాలుగు తరాలు పైకి వెళ్ళాను. ఆవిడకి చూపించబోయే ముందు ఎందుకో మరణాల సూచికలో ఆ పేరు కొట్టాను. ఆ పిల్లాడు పద్నాలుగు నెలలకే కోరింతదగ్గుతో పోయాడు. నేను నాలుగు తరాలు ఎక్కింది వేరే ఎవరో ఇంటి మేడ. అప్పటి నుంచి ఎవరి జననం దొరికినా వెంటనే వాళ్ళు చిన్నతనంలో పోలేదని చూసుకుంటాను. ఆ రోజుల్లో పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం కూడా ఉంది కాబట్టి ఒకే ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు కనిపించినా ఆశ్చర్యపోకండి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి మీ అమ్మగారికి నచ్చే ముక్క ఒకటి. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు, రెండో అమ్మాయికి తండ్రి తల్లి పేరు. స్కాట్లాండ్‌లో పాత కుటుంబాలు చాలావరకూ ఈ వరస పాటించేవి. మనం తాత పేరు పెట్టుకోమూ, అలాగే. నడిమి పేరుగా తల్లి పుట్టింటి పేరు తగిలించడమూ ఉంది. కాబట్టి తాతగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లన్నీ పుట్టిన వరసలో రాస్తే పై తరం పేర్లు లీలగా కనిపిస్తాయి. అది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు. పేరు కుదిరిందని మనిషిని ఖాయం చేసుకుంటే నా ఫైఫ్ పిల్లాడి కథే అవుతుంది.

యుద్ధంలో పోయిన తాతగారి కోసం కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్ ఉచితంగా చూడొచ్చు. సైన్యంలో ఆయన సర్వీసు కాగితాలు దొరకకపోతే నిరాశపడొద్దు. మొదటి యుద్ధం నాటి మామూలు సైనికుల కాగితాల్లో సగానికి పైగా 1940లో లండన్ మీద బాంబులు పడినప్పుడు కాలిపోయాయి. దానికి బదులు స్కాట్లాండ్స్ పీపుల్‌లో సైనికుల వీలునామాలు వెతకండి. ఒక్క చిన్న పేజీ, 'నాకున్నదంతా నా భార్యకి' అన్నట్టు రెండు మూడు వాక్యాలు, కింద ఆయన సొంత సంతకం. దొరికితే ఫ్రేములో చెట్టు కన్నా దానికే ముందు చోటు ఇస్తాను నేనైతే. డండీ వాళ్ళు ఎక్కువగా చేరిన దళం బ్లాక్ వాచ్ నాలుగో బెటాలియన్, దాన్ని ఊరివాళ్ళు తమ సొంత దళం అనేవారు. 1915 సెప్టెంబర్ 25న ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర జరిగిన పోరులో అది తీవ్రంగా దెబ్బతింది. ఆయన అందులోనే ఉన్నాడని ముందే అనుకోకండి, కాగితం చెప్పనివ్వండి.

1855కి ముందు దారి కాస్త గరుకు. ఒక చిట్కా ఉంది. ఆ మొదటి ఏడు రిజిస్టర్లలో ప్రభుత్వం ఏకంగా తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, మిగతా పిల్లల సంగతి కూడా అడిగింది. రాయలేక గుమాస్తాలు మొత్తుకుంటే మరుసటి ఏడాదికల్లా కత్తిరించేశారు. మీ వంశంలో ఎవరైనా, ఎంత దూరపు అన్నదమ్ములైనా సరే, 1855లో పుట్టడమో పెళ్ళాడడమో పోవడమో చేశారేమో చూడండి. ఆ ఒక్క కాగితం పది కాగితాల పెట్టు.

అంతకన్నా వెనక చర్చి పుస్తకాలే. బారసాలలు, పెళ్ళి ప్రకటనలు ఉంటాయి, ఖననాలు తక్కువ. 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకీ మూడు పెన్నీల పన్ను వేశారు, దాంతో పేదవాళ్ళు చాలామంది రాయించడమే మానేశారు. 1843లో చర్చి రెండుగా చీలింది, వేరు పడినవాళ్ళ పేర్లు పాత పుస్తకాల్లో ఉండవు. చర్చి పెద్దల సభల మినిట్స్ కూడా అదే వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూడటానికి డబ్బు తీసుకోరు. ఎవరు ఎవరితో తిరిగారు, బిడ్డకి తండ్రి ఎవరు అన్న పంచాయితీలన్నీ వాటిలోనే. మన రచ్చబండ గుర్తొస్తుంది. జనాభా లెక్కల్లో ఎవరి పుట్టిన ఊరి గడిలోనైనా ఐర్లాండ్ అని ఒక్క మాటే కనిపిస్తే అక్కడితో పని కష్టమవుతుంది. డండీ మిల్లులకి ఐర్లాండ్ నుంచి వేలమంది వచ్చారు, లాకీ పేటలో వాళ్ళే ఎక్కువ. ఐర్లాండ్ పాత రికార్డులు చాలా వరకూ 1922లో డబ్లిన్‌లో కాలిపోయాయి.

చిరునామాలు దొరికాక స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వారి పాత పటాల వెబ్‌సైట్ తెరవండి. ఉచితం. ఆ వీధి ఇప్పుడు లేకపోయినా పటంలో ఇల్లూ, మిల్లూ, మధ్య ఎన్ని అడుగుల దూరమో కూడా తెలుస్తుంది. మీరు గ్లాస్గోలోనే ఉన్నారు కాబట్టి ఒక రోజు సెలవు పెట్టి మిచెల్ లైబ్రరీకి వెళ్ళండి. అక్కడి కుటుంబ చరిత్ర విభాగంలో రోజు టికెట్ కొంటే స్కాట్లాండ్స్ పీపుల్ పేజీలు ఎన్నైనా తెరవొచ్చు, కొత్త సంవత్సరాలవి కూడా. ఇంట్లో కూర్చుని క్రెడిట్లు తగలేసే కన్నా చవక. వెళ్ళే ముందు సీటు బుక్ చేసుకోండి.

ఇక సర్‌ప్రైజ్ సంగతి. నా మాట వింటే వద్దు. ఎనభయ్యో పుట్టినరోజున, బంధువులందరి ముందు, తండ్రిగారి పుట్టుక కాగితంలో పెళ్ళి తేదీ గడి ఖాళీగా ఉన్నట్టు ఆవిడ మొదటిసారి చూడకూడదు. అలా ఉంటుందని కాదు, ఉండొచ్చని. పైగా మీకున్న అతి పెద్ద రికార్డు ఆవిడే. ఈ ఆదివారం టీ పెట్టి, బైబిల్ ముందు పెట్టుకుని, నాన్నమ్మ పుట్టింటి వాళ్ళెవరు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఆవిడకి చెప్పే చేయండి. తాతగారు పోయాక ఆ నాన్నమ్మ పిల్లల్ని ఎలా పెంచిందో చెప్పగలిగేది ఆవిడ ఒక్కరే, 1921 జనాభా లెక్కల్లో ఆమె పేరు పక్కన 'విడో' అన్న మాట, వయసు, పని లాంటివి తప్ప ఆ కథేమీ ఉండదు. బతికున్నవాళ్ళ వివరాలు మాత్రం ఏ ఆన్‌లైన్ చెట్టులోనూ పెట్టకండి.

మీ అమ్మగారి సందేహం ఒకటి మిగిలింది. గోత్రం సంగతి నా వల్ల కాదు. కానీ స్కాట్లాండ్ జనన రికార్డులో తేదీతోపాటు పుట్టిన సమయం కూడా రాస్తారు, ఉదయమో సాయంత్రమో, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో. 1911 కాగితం తెరిచినప్పుడు తేదీ కిందే చూడండి. అది చూసి విజయనగరం ఫోన్ చేసి, డండీలో ఇన్ని గంటలకి అని చెప్పండి. నక్షత్రం ఆవిడే చూస్తారు.